ఒంటిగంటకి తాళం

ఆయన పోయారన్న సంగతి నాకు నిలబడి ఉప్మా తింటుండగా తెలిసింది. కంట్రోల్ ప్యానెల్ మీద డబ్బా పెట్టుకుని, ఒక కన్ను స్క్రీన్ మీద వేసి, చల్లారిపోయిన ఉప్మాని ప్లాస్టిక్ చెంచాతో తవ్వుకుంటున్నాను. నాతో పనిచేసే శ్రీకాంత్ ఫోన్ పట్టుకుని వచ్చాడు.

"అక్కా, ఇటలీ తాత పోయిండంట. నిన్న పొద్దుగాల. నిద్రలనే" అన్నాడు.

డబ్బాకి మూత పెట్టేశాను. ఏడుపు రాలేదు. ఆయన ఇప్పుడు నన్ను చూస్తే తిట్టేవారు కదా అనిపించింది. నిలబడి తినేవాళ్లంటే ఆయనకి అస్సలు పడేది కాదు.

మా పనేమిటో కాస్త చెప్పాలి, లేకపోతే ఆయన అర్థం కారు. కార్ల ఫ్యాక్టరీల్లో రోబోలకి ప్రోగ్రాములు రాసి, తయారీ లైన్ నడిపించి అప్పగించే చిన్న కాంట్రాక్టు కంపెనీ మాది. ఫ్యాక్టరీ నడుస్తున్నంతసేపు మమ్మల్ని ఎవరూ దగ్గరికి రానివ్వరు. పనివాళ్లందరూ సెలవుకి ఇళ్లకి పోయి, లైన్ ఆగాక, అప్పుడు తలుపులు తీసి మమ్మల్ని లోపలికి పంపుతారు. క్రిస్మస్‌కి, ఈస్టర్‌కి, జూలై మొదటి వారంలో, కొత్త మోడల్‌కి మారే సంవత్సరాల్లో ఆగస్టులో. లోకమంతా పండగ చేసుకునే రోజులే మాకు పని రోజులు. ఇక్కడ మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఇల్లు కొనుక్కుని చాలా ఏళ్లైంది. ఆ ఇంట్లో క్రిస్మస్ సెలవులకి నేనున్నది ఒక్కసారే, అదీ మోకాలికి ఆపరేషన్ అయితే. "అమ్మా, నువ్వెప్పుడొస్తున్నావ్?" అని ఫోన్‌లో అడగడం మా అమ్మాయి ఎప్పుడో మానేసింది. ఏదో ఒక రోజు వస్తానని దానికి తెలుసు. వచ్చాక సూట్‌కేసు విప్పనని కూడా తెలుసు.

ఆయన ఈ పనిలో నాకంటే చాలా ముందునుంచి ఉన్న మనిషి. ఇటలీలో ఎక్కడో కొండల మధ్య ఊరు. వయసులో ఉండగా ఓ యంత్రాన్ని బిగించడానికి ఓడలో దానితోపాటే వచ్చి, ఇక్కడే ఉండిపోయారు. పొట్టి మనిషి, పెద్ద చేతులు. కళ్లజోడు నుదుటి మీదే ఉంటుంది. దానికోసం రెండు జేబులూ తడుముకుంటూ ఉంటారు. మేమంతా పేరు పెట్టే పిలిచేవాళ్లం, ఇక్కడి అలవాటు అది. నా మనసులో మాత్రం పెద్దాయనే.

పెద్దాయనకి ఇటలీ సెలవులన్నీ కంఠతా వచ్చు. ఒక్కటీ వదిలేవారు కాదు. క్రిస్మస్ మర్నాడు వాళ్లకి ఇంకో పండగ, సెయింట్ స్టీఫెన్‌ది. ముందురోజు మిగిలిన మాంసం, పులుసు, ఏదీ పారేయకుండా చుట్టాలింటికి పట్టుకెళ్లి తింటారట. ఈస్టర్ మర్నాడు సోమవారం ఎంత చలిగా ఉన్నా సరే ఇంట్లో తినకూడదు, బయట గడ్డి మీద కూర్చుని గుడ్లు, రొట్టెలు తినాలి. నవంబర్ మొదట్లో పోయినవాళ్ల సమాధుల మీద చామంతులు పెడతారు. "మా ఊళ్లో ఎవరింటికీ చామంతులు బహుమతిగా పట్టుకెళ్లకు, తలుపు మొహాన వేస్తారు" అని నన్ను హెచ్చరించారు, నేనేదో రేపే బయల్దేరుతున్నట్టు. అన్నిటికంటే పెద్దది ఆగస్టు పదిహేను. ఫెర్రగోస్తో అంటారు. ఆ రోజుకి ఊళ్లకి ఊళ్లు ఖాళీ అయిపోతాయట. కొట్లన్నీ మూసేసి, సముద్రం ఉన్నవాళ్లు సముద్రానికి, లేనివాళ్లు కొండ మీదికో చెరువు దగ్గరికో పోయి, పొడుగాటి బల్ల వేసుకుని మధ్యాహ్నమంతా తింటారట. చివర్లో చల్లటి నీళ్లలో ఊరిన పుచ్చకాయ.

"ఆ రోజు రోమ్‌లో చెప్పు తెగితే కుట్టేవాడు దొరకడు" అనేవారు గర్వంగా.

ఇవన్నీ చెప్తున్నది మిషిగన్‌లోనో ఒహాయోలోనో, కిటికీల్లేని షెడ్డులో, నూనె మరకల మధ్య నిలబడి. ఆయన ఇల్లు మా ఇంటికి అరగంట దూరం. ఆ ఇంట్లో ఆయన ఏ పండగా చేసుకోలేదు. ఎందుకంటే పండగలకే కదా మాకు పని.

అందుకని ఆయన పద్ధతి ఆయన పెట్టుకున్నారు. మా దగ్గర ప్రతి మనిషికీ సొంతంగా ఒక ఎర్ర తాళం ఉంటుంది, దాని మీద ఫొటో, పేరు. లైన్ లోపలికి దిగేముందు కరెంటు ఆపి, స్విచ్చికి మన తాళం మనం వేసుకోవాలి. ఆ తాళం వేసిన మనిషే వచ్చి తీయాలి. ఎంత పెద్ద మేనేజరైనా ఇంకొకడి తాళం మీద చెయ్యి వేయడానికి వీల్లేదు. లోపల మనిషి ఉండగా రోబో కదిలితే ప్రాణాలు పోతాయి కాబట్టి. ఇటలీ సెలవు రోజున మధ్యాహ్నం ఒంటిగంటకి పెద్దాయన వెళ్లి స్విచ్చికి తన తాళం వేసి, తాళంచెవి చొక్కా జేబులో వేసుకుని, బొత్తాం పెట్టుకునేవారు. అంతే. మేం పరీక్షిస్తున్న లైన్ మొత్తం ఆగిపోయేది. తర్వాత మోచేతుల దాకా రుద్ది రుద్ది చేతులు కడుక్కుని, టూల్‌బాక్స్ అడుగునుంచి మడత పెట్టిన నీలం గళ్ల గుడ్డ తీసి, రెండు డబ్బాల మీద చెక్క పలక వేసి పరిచేవారు. కుర్చీలు ఎక్కడెక్కడివో లాక్కొచ్చేవారు. సెలవు రోజు నిలబడి తినకూడదు. అది ఆయన చట్టం.

"మళ్ల దుకాణం పెట్టిండు తాత" అనేవాడు శ్రీకాంత్, అంటూనే అందరికంటే ముందు కుర్చీ లాక్కునేవాడు.

ఒకసారి ఫ్యాక్టరీ తరఫు కుర్ర మేనేజరు పరిగెత్తుకుంటూ వచ్చాడు. "ఎవరి తాళం ఇది? ప్రమాదమేమైనా జరిగిందా?"

"నాది" అన్నారు పెద్దాయన, రొట్టె తుంచుతూ.

"ఏమైంది?"

"ఈస్టర్ సోమవారం అయింది."

వాడి మొహం చూడాలి. తాళం తీయించడానికి ఎవరెవరికో ఫోన్లు చేశాడు. అవతలివాళ్లు కూడా ఆ మనిషే తీయాలన్నారు. చివరికి వాడూ మా పక్కన ఒక డబ్బా మీద కూలబడి గుడ్లు కూరి కాల్చిన రొట్టె ముక్క తిన్నాడు. మరో ముక్క అడిగి మరీ తిన్నాడు.

భోజనమంతా వాళ్లావిడ కట్టి పంపేది. నేను మాంసం తిననని ఆయన ఇంట్లో ఎప్పుడు చెప్పారో తెలియదు, నాకు ప్రత్యేకంగా చిన్న డబ్బా వచ్చేది. ఆగస్టు పదిహేనుకి అందరికీ కోడి వేసి వండిన క్యాప్సికం కూర ఉంటే, నాకు అదే కూర బంగాళాదుంపలతో. ఆవిడ నన్ను చూడలేదు, నేను ఆవిణ్ణి చూడలేదు. ఏళ్ల తరబడి ఆవిడ చేతి వంట తిన్నాను.

బల్ల సర్దాక పెద్దాయన ఫోన్ తీసి, నంబరు నొక్కి, స్పీకర్ పెట్టి, నీళ్ల సీసాకి ఆనించేవారు. అక్కడ ఇంట్లో ఆవిడ కూడా అదే వేళకి అదే వంట వడ్డించుకుని కూర్చునేది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేది లేదు. ఆవిడ వాళ్ల భాషలో "ఉప్పు?" అని అడిగేది. ఈయన "సరిపోయింది" అనేవారు. ఆ రెండు మాటలూ మాక్కూడా వచ్చేశాయి. తర్వాత అటునుంచి పింగాణీ మీద ఫోర్కు చప్పుడు, ఇటునుంచి ప్లాస్టిక్ మీద ఫోర్కు చప్పుడు. అంతసేపూ అదే. లేచేముందు మేమంతా ఫోన్‌లోకి వంగి థ్యాంక్స్ అని అరిచేవాళ్లం. ఆవిడ నవ్వేది.

జనవరి ఆరు పిల్లల పండగ. చీపురు మీద ఎగిరొచ్చే ముసలావిడ మంచి పిల్లల మేజోళ్లలో మిఠాయిలు, అల్లరి పిల్లల వాటిలో బొగ్గు వేసి పోతుందట. ఒక ఏడాది నా రోబో ఒకటి వెళ్లి పక్కనున్న స్టాండుని గుద్దేసింది. పెద్దాయన మా అందరికీ మిఠాయిలు పంచి, నాకు మాత్రం కాగితంలో చుట్టిన నల్లటి బొగ్గు ముక్క ఇచ్చారు. నిజం బొగ్గే అనుకున్నాను, చక్కెరతో చేసిందట. ఇంటికి తెచ్చి అమ్మాయికి ఇచ్చాను. అప్పుడది చిన్నది. నాలుక నల్లగా చేసుకుని, "నువ్వు ఏం బ్యాడ్ పని చేశావ్ అమ్మా?" అని అడిగింది. "ఇంటికి రాలేదుగా" అన్నాడు మా ఆయన లోపలి గదిలోంచి, నవ్వుతూనే. నేను కూడా నవ్వాను. ఆ రాత్రే మళ్లీ సూట్‌కేసు సర్దుకున్నాను.

మన పండగల గురించి కూడా ఆరా తీసేవారు. ఒకసారి నా డబ్బాలో పులిహోర చూసి, "పసుపు అన్నం! ఏం పండగ?" అన్నారు. నిన్న మా కొత్త సంవత్సరం, తీరిక లేక ఇవాళ కలుపుకున్నాను అని చెప్పాను. ఆయన కళ్లజోడు దించి నన్ను పరీక్షగా చూశారు.

"పండగని మర్నాటికి జరిపావా?"

"ఏం చేయను? నిన్న టెస్టింగ్ ఉంది కదా."

"ఎవరితో తిన్నావు?"

నేను డబ్బా మూత కోసం వెతికాను. ఆయన లేచి వెళ్లి స్విచ్చికి తాళం వేశారు. ఆ రోజు ఇటలీలో ఏ సెలవూ లేదు. నీలం గళ్ల గుడ్డ పరిచి, శ్రీకాంత్‌నీ ఎలక్ట్రీషియన్లనీ పిలిచి, ఒకరి డబ్బాకి సరిపడా పులిహోరని అందరికీ తలో రెండు చెంచాలు పెట్టించారు. ఆగస్టు పదిహేను మాకూ పండగేనని, చిన్నప్పుడు బడిలో జెండా ఎగరేసి చాక్లెట్లు ఇచ్చేవాళ్లని ఎప్పుడో చెప్తే, ఆనాటినుంచి ప్రతి ఫెర్రగోస్తోకీ నా కుర్చీలో ఒక చాక్లెట్ ఉండేది.

నాకు ఆయనంటే ఇష్టం. దానికంటే భయం ఎక్కువ. ఆయన్ని చూస్తే ఇంకో ఇరవై ఏళ్ల తర్వాత నన్ను నేను చూసుకున్నట్టే ఉండేది. ఆయన మాత్రం ధీమాగా ఉండేవారు. "రిటైర్ అయ్యాక చూడు. ఒక్కో పండగా, ఒక్కో పండగా, మా ఆవిడ ఎదురుగా కూర్చుని చేసుకుంటాను" అనేవారు. ఆ ఒక్క కోరికతోనే ఆయన అన్నేళ్లు బండి లాగారని నా నమ్మకం.

రిటైరయ్యారు. ఆ తర్వాత వచ్చిన మొదటి ఆగస్టు పదిహేనున మా పని వాళ్ల ఇంటికి దగ్గర్లోనే పడింది. మధ్యాహ్నం గేటు దగ్గర్నుంచి సెక్యూరిటీ ఫోన్ చేశాడు. "మీ కోసం ఎవరో పెద్దాయన వచ్చాడు. చేతిలో పుచ్చకాయ ఉంది. బ్యాడ్జ్ లేదు, లోపలికి పంపను."

వెళ్లేసరికి పార్కింగ్‌లో, మండుటెండలో, తన ట్రక్కు వెనక తలుపు దించి, దాని మీద నీలం గళ్ల గుడ్డ పరిచి, రెండు మడత కుర్చీలు వేసి కూర్చుని ఉన్నారు. ఇస్త్రీ చొక్కా. నా కుర్చీలో చాక్లెట్ అప్పటికే కరిగిపోయింది.

"ఇదేంటి? ఇవాళ ఇంట్లో పండగ కదా!" అన్నాను.

"ఇంట్లోనే ఉన్నాను పొద్దుటినుంచి. ఆవిడ మంచి ప్లేట్లు తీసింది, పూలు పెట్టింది. కూర్చున్నాం." పుచ్చకాయ మీద అరచేత్తో తట్టారు. "ఎదురుగా కూర్చుంటే ఏం మాట్లాడాలో తెలియడం లేదు. ఇన్నేళ్లూ పండగ రోజుల్లో ఆవిడ నాకు ఒక గొంతు. మొహం చూస్తూ తినాలంటే సిగ్గుగా ఉంది. ఆవిడకీ అంతే అనుకుంటాను. ఉప్పు అని కూడా అడగలేదు."

ఆయన ఫోన్ తీసి, స్పీకర్ పెట్టి, నీళ్ల సీసాకి ఆనించారు. ఒక్క రింగుకే ఆవిడ ఎత్తింది. కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది. తర్వాత "ఉప్పు?" అంది.

"సరిపోయింది" అన్నారు పెద్దాయన. ఆయన భుజాలు అప్పుడు కిందికి దిగాయి.

పింగాణీ మీద ఫోర్కు చప్పుడు మొదలైంది. ఆయన మీద చెప్పలేనంత కోపం వచ్చింది. పూలు పెట్టిన బల్ల దగ్గర, ఖాళీ కుర్చీకి ఎదురుగా కూర్చుని తింటున్న ఆ మనిషిని తలుచుకుంటే వచ్చిన కోపం. కానీ ఆయన మొహం చూస్తే తిట్టబుద్ధి కాలేదు. అంత అలసిపోయిన మొహం పనిలో ఉన్న రోజుల్లో కూడా నేను చూడలేదు. పుచ్చకాయ తిన్నాం. లోపలికి వెళ్లిపోయాను. సాయంత్రం వచ్చి చూస్తే ట్రక్కు లేదు, తారు మీద గింజలు మాత్రం ఉన్నాయి.

ఈ ఏడు వసంతంలో పోయారు. శ్రీకాంత్, నేను కడసారి చూపుకి వెళ్లాం. నల్ల బట్టల్లో చిన్నగా ఉన్నావిడ అందరికీ చెయ్యి ఇస్తోంది. నేను సంతాపం చెప్పేసరికి నా చెయ్యి వదల్లేదు.

"ఈ గొంతు నాకు తెలుసు. బంగాళాదుంపల అమ్మాయివి నువ్వేనా?"

అవునన్నాను. నన్ను పక్కకి తీసుకెళ్లి కూర్చోబెట్టింది. "ఒక సంగతి చెప్పు. నిజం చెప్పాలి. ఆ రోజుల్లో కుర్చీలో కూర్చునే తినేవాడా? కూర్చున్నానని ఫోన్‌లో చెప్పేవాడు. నిలబడి తింటూ నా కోసం అబద్ధం చెప్తున్నాడేమోనని నాకెప్పుడూ అనుమానం."

తాళం సంగతి ఆవిడకి తెలియదు. మొత్తం చెప్పాను. ఒంటిగంట, స్విచ్చి, తాళంచెవి జేబులో వేసుకుని బొత్తాం పెట్టుకోవడం, కుర్ర మేనేజరు గుడ్ల రొట్టె తినడం. ఆవిడ నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపులోకి తిరిగింది.

"ఫ్యాక్టరీకి తాళం వేశాడా! ఇంటికొచ్చాక ఒక పండగకైనా కుదురుగా కూర్చోలేదు. ఆ తాళం తెచ్చి నా వంటింటికి వేసి ఉండాల్సింది" అంది. లేచేముందు నా మణికట్టు పట్టుకుని, "ఆగస్టులో ఫోన్ చెయ్యి. ఒంటిగంటకి. ఊరికే. ఆ చప్పుడు లేకుండా తినడం నాకు చేతకాదు" అంది.

మొన్న ఆగస్టు పదిహేనున ఒహాయోలో ఉన్నాను, ఇంటికి నాలుగు గంటల దూరం. హోటల్ గదిలో రైస్ కుక్కర్‌తో పులిహోర కలిపాను. ఒంటిగంటకి వెళ్లి స్విచ్చికి నా తాళం వేశాను. చేతులు కడుక్కున్నాను. నీలం గళ్ల గుడ్డ లేదు, పేపర్ టవల్స్ పరిచాను. శ్రీకాంత్ రెండు కుర్చీలు తెచ్చాడు.

ఒక్క రింగుకే ఎత్తింది. "ఉప్పు?" అంది.

"సరిపోయింది" అన్నాను వాళ్ల భాషలోనే.

ఫోర్కు చప్పుడు మొదలైంది. నేనూ తినడం మొదలుపెట్టాను. కొంతసేపటికి ఆవిడ అడిగింది. "నీకు కూతురుంది కదూ? ఎక్కడుంది?"

"ఇంట్లో. స్కూల్ ఇంకా తెరవలేదు."

"తోడు ఎవరున్నారు?"

"ఒక్కతే. వాళ్ల నాన్న ఆఫీస్‌కి వెళ్లారు."

ఫోర్కు ఆగింది. "అయితే నాకెందుకు చేశావు? పెట్టెయ్."

"మీరొక్కరే కదా అని..."

"నాకు అలవాటైపోయింది. దానికి అలవాటు చెయ్యకు" అని పెట్టేసింది.

ఇంటికి, అమ్మాయికి చేశాను. మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి ఎత్తింది, గొంతులో కంగారు.

"అమ్మా? వాట్ హాపెండ్? డాడీ ఓకేనా?"

"అందరూ బాగానే ఉన్నారు. నువ్వు తిన్నావా?"

"నువ్వు ఈ టైమ్‌కి ఎప్పుడూ కాల్ చెయ్యవ్. ఎవరు చచ్చిపోయారు? సీరియస్‌గా చెప్పు."

"ఎవరూ పోలేదు తల్లీ. ఇవాళ పండగ. అందుకే చేశాను."

అటువైపు ఫ్రిజ్ తలుపు మూసిన చప్పుడు వినిపించింది. తర్వాత, ఎన్నో ఏళ్ల కిందట మానేసిన ప్రశ్న అడిగింది.

"అయితే నువ్వెప్పుడొస్తున్నావ్?"

మా వెనక మేనేజరు వాచీ చూసుకుంటూ నిలబడ్డాడు. శుక్రవారం అని చెప్పడం నాకు అలవాటు. నోరు తెరిస్తే "ఇవాళే" అని వచ్చింది.

వెళ్లి తాళం తీసి జేబులో వేసుకున్నాను. "పో అక్కా, ఈడ నేను చూస్కుంట" అన్నాడు శ్రీకాంత్. మేనేజరు ఏదో అంటున్నాడు, ఆగలేదు. కారెక్కాను. నాలుగు గంటల దారంతా, అమ్మాయి ఎదురుగా కూర్చున్నాక ఏం మాట్లాడాలా అని ఆలోచిస్తూనే ఉన్నాను.